లోపల ఎవరూ లేరు

గడియ తీయవే వదినా, వాన వస్తోంది…
గడియ తీస్తే చీకటి కూడా వస్తుందే మరదలా…

మా చిన్నప్పుడు ఆడపిల్లలం రెండు వరసలుగా నిలబడి ఈ పాట పాడుకునేవాళ్లం. ఒక వరస తలుపు బయట, ఇంకో వరస లోపల అన్నమాట. తలుపంటూ ఏమీ ఉండదు, పట్టుకున్న చేతులే తలుపు. మూడో చరణంలో మరదలు ఏదో చెబుతుంది, దానికి వదిన నవ్వుతుంది. ఏం చెబుతుందో ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. అప్పట్లో రాసి పెట్టుకుందామంటే నాకు అక్షరాలు రావు.

అక్షరాలు నాకు అరవై మూడో ఏట వచ్చాయి. నేర్పింది మా మనవరాలు, మా అమ్మాయి కూతురు. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటాం. పొద్దున కళ్లు తెరిచింది మొదలు దాని నోరు మూతపడదు. నిద్రలో కూడా ఎవరికో ఏదో చెబుతూనే ఉంటుంది. అలాంటి పిల్లకి మాట్లాడటమే ఉద్యోగంగా దొరికింది. ఇంట్లోనే కూర్చుని, చెవులకి ఆ డిప్పల్లాంటివి తగిలించుకుని, ఫోన్ చేసినవాళ్లకి దారి చెబుతుంది.

దాని కంపెనీ వాళ్లు సామాను గదులు అద్దెకిస్తారు. ఇంట్లో పట్టని బీరువాలు, మంచాలు, పారేయడానికి మనసొప్పని పాత వస్తువులు జనం అక్కడ పెట్టుకుంటారు. ఆ గదులకి తాళంచెవి లేదు. గొళ్లెం లేదు, పట్టుకు లాగడానికి పిడి కూడా లేదు. ఫోన్లో ఒక యాప్ ఉంటుంది. అందులో 'తెరువు' అని నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, 'మూయి' అని నొక్కితే మూసుకుంటుంది. గదిలో ఎంతమంది ఉన్నారో తాళమే లెక్కపెట్టి యాప్‌లో పైన ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె సున్నా అయితే తప్ప తలుపు మూతపడదు. లోపల మనిషిని పెట్టి మూసేయకుండా ఆ జాగ్రత్త. నాకు భలే ముచ్చటేసింది విన్నప్పుడు. ఇనప్పెట్టెకి కూడా మన మీద ఇంత శ్రద్ధా అనుకున్నాను.

నెట్ ఉన్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. నెట్ పోతే యాప్‌లో చక్రం తిరుగుతూ ఉండిపోతుంది. అప్పుడు జనం మా పిచ్చుకకి ఫోన్ చేస్తారు. రోజంతా అది చెప్పేది ఒకటే పాఠం. ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి, పది లెక్కపెట్టి, ఆఫ్ చేయండి. వైఫై ఆపి మళ్లీ పెట్టండి. ఫోన్ ఆపి ఆన్ చేయండి. అప్పటికీ కాకపోతే యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి. ఈ మాటలన్నీ అచ్చేసిన కాగితం ఒకటి దాని బల్ల మీద ఉండేది. నాకు అదే పలక, అదే వాచకం. నేను పుట్టి బుద్ధెరిగాక కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం 'ఇంటర్నెట్ కనెక్షన్ లేదు'. చదివి చప్పట్లు కొట్టుకున్నాను. అక్షరాలు చూసి నొక్కడం అలవాటు కావాలని పిచ్చుక నా ఫోన్లో కూడా తన పేరు మీదే ఆ యాప్ వేసి పెట్టింది.

ఆ కాగితం అట్టడుగున ఇంకో మాట ఉంది. నెట్ సరిగా లేనప్పుడు ఒక్కోసారి అందరూ బయటికి వచ్చేసినా అంకె సున్నాకి రాదు, తలుపు మూతపడదు. అప్పుడు ఫోన్ తాళం దగ్గర పెట్టి, 'లోపల ఎవరూ లేరు' అన్న బొత్తం నొక్కాలి. నెట్ లేకపోయినా పనిచేసేది అదొక్కటే. నొక్కగానే తలుపు పది సెకన్లు వదులుగా ఉంటుంది. ఆ తర్వాత దానంతటదే బిగుసుకుంటుంది. లోపల లైటూ ఫ్యానూ ఆగిపోతాయి. అందుకని ఆ బొత్తం గురించి చెప్పేముందు, లోపల ఎవరూ లేరు కదా అని మూడుసార్లు అడగాలని రాసి ఉంది.

మా పిచ్చుక ఒకరోజు ఒక్కసారే అడిగింది.

ఆ ఫోన్ చేసినతను గాభరాగా ఉన్నాడట. ఎవరూ లేరు, అంకె మాత్రం ఊరికే ఒకటి చూపిస్తోంది, నాకు బండికి టైమైపోతోంది అన్నాడట. అప్పటికి ఇంకో ఆరుగురు లైన్లో ఎదురుచూస్తున్నారు. సరే నొక్కేయండి అంది ఇది. అతను నొక్కేశాడు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి అదే గది పేరు మీద ఫోన్ వచ్చింది. ఎవరో ముసలావిడ. తలుపు రావట్లేదు తల్లీ అంది. పిచ్చుక అలవాటుగా పాఠం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ చెబుతుంటే ఆవిడ చేశాను, చేశాను అంటూ వచ్చి, చివర్లో లైన్ కట్టయింది. ఆ మర్నాడు మూడింటికి మళ్లీ. పిచ్చుక పైవాళ్లకి చెప్పింది. వాళ్లు అక్కడి కాపలాదారుని పంపి గది తెరిపించారు. ఖాళీ. అద్దెకి తీసుకున్నతను ఆ తలుపు మూసిన రోజే గది వదిలేశాడట. ఆ టైముకి నీకు ఫోనే రాలేదు, మా దగ్గర నమోదు కాలేదు అన్నారట. నీకు సెలవు కావాలేమో చూసుకో అని కూడా అన్నారట.

తొమ్మిది రోజులు అలాగే ఫోన్ వచ్చింది. పిచ్చుక అన్నం కలిపి వదిలేయడం మొదలుపెట్టింది. పదో రోజు పొద్దున నా పక్కన వచ్చి కూర్చుని, గోళ్లు చూసుకుంటూ చెప్పింది.

"నేను కళ్లతో చూడాలి అమ్మమ్మా. ఆవిణ్ణి మూసేయమన్నది నేనేమో తెలియకుండా నేను బతకలేను."

నేనూ వస్తానన్నాను. వద్దంది. నేను అప్పటికే చెప్పులు వేసుకున్నాను.

అది మూడంతస్తుల బూడిదరంగు కట్టడం. కిందకి ఇంకో రెండు అంతస్తులు ఉన్నాయి. బయట ఎండ పెళపెళలాడుతోంది. కాపలాదారు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని అప్పుడే తెచ్చుకున్న టీ ఊదుకుంటున్నాడు. పిచ్చుక తన గుర్తింపు కార్డు చూపించింది. అతను నన్ను ఎగాదిగా చూసి, ఈ పెద్దమ్మని కూడా గదిలో పెట్టి పోతారా ఏమిటి అన్నాడు. మా అమ్మమ్మ నోటికి సరిపడా గది మీ దగ్గర లేదులే అంది పిచ్చుక. ముగ్గురం నవ్వుకున్నాం. కింద నెట్ ఎలా ఉంటుందని నేనే అడిగాను, పెద్ద తెలిసినదానిలా. భేషుగ్గా ఉంటుంది, నేను సినిమాలు చూసేది అక్కడే అన్నాడు.

మెట్లు దిగాం. ఒక్కో మెట్టుకీ ఎండ వెనకబడిపోయింది. కింద పొడుగాటి నడవ, రెండువైపులా ఒకేలాంటి ఇనప తలుపులు. తడిసి ఆరిన అట్టపెట్టెల వాసన, కలరా ఉండల వాసన. వాటి వెనకాల ఇంకోటి కూడా ఉంది… చాలా రోజులు తలస్నానం చేయని జుట్టు వాసన లాంటిది. ఎవరి పాత పరుపో అయి ఉంటుందిలే అనుకున్నాను. మేము నడుస్తుంటే అడుగుల చప్పుడు మాకంటే కొంచెం ముందు వెళ్తున్నట్టు అనిపించింది.

ఆ ఫోన్లు వచ్చిన నలభై ఒకటో గది నడవ చివర ఉంది. పిచ్చుక ఫోన్ పెట్టి నొక్కింది. తలుపు నిట్టూర్చినట్టు తెరుచుకుంది. లైటు దానంతటదే వెలిగింది.

ఖాళీ. మా వంటగదంత ఉంటుంది, అంతే. సిమెంటు నేల, నాలుగు గోడలు, పైన చిన్న జాలీలో తిరుగుతున్న ఫ్యాను. ఒక మూల మాత్రం, కూర్చున్న మనిషి వీపు ఆనేచోట, గోడకి సున్నం అరిగి నున్నగా మెరుస్తోంది.

పిచ్చుక తన సంచిని తలుపుకి అడ్డంగా పెట్టింది. లోపలికి వచ్చి నాలుగు మూలలూ చూసింది. అప్పుడు గోడకి ఆనుకుని చెంపలు తడిసేలా ఏడ్చింది. ఎవరూ లేరు, చూశావా, ఎవరూ లేరు అంటూ నవ్వింది కూడా. నేను కొంగుతో దాని మొహం తుడిచాను. పిచ్చితల్లి, పది రోజులు ఎంత మోసిందో అనుకున్నాను. పద, ఇంటికి పోయి కడుపునిండా తిందువుగాని అన్నాను.

తిరిగి చూస్తే తలుపు మూసి ఉంది.

చప్పుడు వినలేదు. ఇద్దరిలో ఎవరమూ వినలేదు. తలుపుకి అడ్డంగా పెట్టిన సంచి నా కాళ్ల దగ్గర ఉంది. నిలబెట్టి ఉంది. దాని పట్టీలు రెండూ పొందిగ్గా మడిచి పెట్టి ఉన్నాయి.

పిచ్చుక యాప్ తెరిచి 'తెరువు' నొక్కింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. పైన అంకె చూసి నేను వేలు పెట్టి చూపించాను. మూడు.

"ఇద్దరమే కదే," అన్నాను.

నెట్ తేడా అంది. పైనుంచి కాపలాదారుని పిలుద్దామని ఫోన్ చేస్తే పోలేదు. తలుపు మీద ఇద్దరం కొట్టాం. ఆ ఇనుము చప్పుడుని మింగేస్తోంది… పరుపు మీద కొట్టినట్టుంది.

కాసేపటికి లైటు ఆరిపోయింది.

ఫోన్ వెలుగులో దాని మొహం నీలంగా కనిపిస్తోంది. భయపడకు అమ్మమ్మా, ఇది నా పనే కదా అంది. అని, ఎదురుగా ఎవరో వింటున్నట్టు పాఠం మొదలుపెట్టింది. అలవాటు. దాని నోరు చెబితేగానీ దాని వేళ్లు కదలవు.

"ఫ్లైట్ మోడ్ ఆన్ చేయండి. పది లెక్కపెట్టి, ఆఫ్ చేయండి."

"చేశాను."

నేను అనలేదు. పిచ్చుకే తనకి తాను చెప్పుకుందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, పిచ్చుకేమో నేనే అన్నాననుకుందట.

"వైఫై ఆపి, మళ్లీ పెట్టండి."

"అదీ చేశాను…"

మెల్లగా, ఓపిగ్గా ఉన్న గొంతు. మూల నుంచి. నా చెయ్యి దాని చేతిని వెతుక్కుంది. దొరికింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఊపిరి చప్పుడు మాత్రం ఆగలేదు.

పిచ్చుక ఫోన్ వెలుగు మూలకి తిప్పింది. గోడ. నున్నగా అరిగిన గోడ. అంతే.

"ఫోన్… ఆపి… ఆన్ చేయండి," అంది పిచ్చుక. ఎందుకంటోందో దానికే తెలియదు. ఆగితే ఏమవుతుందోనని అంటోంది.

"ఎన్నిసార్లో చేశాను తల్లీ."

ఆ తర్వాత చెప్పాల్సిన మాట దాని నోటికొచ్చింది. వేలు కూడా దాని వెంటే పోయింది. రోజుకి నలభైసార్లు చెప్పే మాట… యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి. తీసేసింది. తీసేశాక తెలిసింది. మళ్లీ వేసుకోవాలంటే నెట్ కావాలి.

చేతిలో ఫోన్ ఉంది. అందులో తలుపు లేదు.

అప్పుడు మూల నుంచి ఆ గొంతే, ఓదారుస్తున్నట్టు అంది.

"నేనూ అలాగే చేశానమ్మా."

నాకప్పుడు నా ఫోన్ గుర్తొచ్చింది. బొడ్లో దోపుకున్నాను. తీశాను. నా యాప్ నాకు ఉంది. చక్రం దాంట్లోనూ తిరుగుతోంది. నేను తలుపు దగ్గరికి పాకుతూ వెళ్లి, నెట్ లేకపోయినా తలుపుని పది సెకన్లు వదులు చేసే ఆ బొత్తాన్ని వెతికాను. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. లో… ప… ల… నా వెనకాల జుట్టు వాసన దగ్గరైంది. ఎ… వ… రూ…

పిచ్చుకకి అర్థమైంది. నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు అమ్మమ్మా. ఉన్నారు కదా. లోపల ఆవిడ ఉంది కదా. మళ్లీ మూసేస్తామా?"

అది అడిగింది న్యాయమే. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకు ఆవిడ అక్కర్లేదు. న్యాయం అక్కర్లేదు. ఈ పిల్ల బయటికి రావాలి, అంతే. మూడుసార్లు అడగాలని నాకూ తెలుసు. నేను ఒక్కసారి కూడా అడగలేదు.

నొక్కాను.

టక్కుమంది. తలుపు సందులోంచి సన్నటి వెలుగు గీత పడింది. పైన ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. పిచ్చుక చెయ్యి పట్టుకుని, భుజంతో తలుపు నెట్టాను. ఎంత బరువో. మనసులో లెక్కపెడుతున్నాను. మూడు… నాలుగు… వెనకనుంచి ఆవిడ అరవలేదు. ఏడవలేదు. ఏదో పని మీద వెళ్తున్నవాళ్లని పలకరించినట్టు అంది.

"నేనున్నాగా తల్లీ…"

ఏడు… ఎనిమిది. నా కాలు బయట నేల మీద పడింది. పడిందనే గుర్తు. పిచ్చుక కాలు దాటిందో లేదో నేను చూడలేదు. దాని చెయ్యి నా చేతిలోనే ఉంది. తొమ్మిది… పది.

వెనకాల తలుపు బిగుసుకుంది.

నడవలో పరిగెత్తాం. మెట్లెక్కాం. గుమ్మంలో ఎండ అలాగే ఉంది. కాపలాదారు ఇంకా టీ ఊదుకుంటూనే ఉన్నాడు, కప్పులోంచి పొగ వస్తోంది. మేం కింద గంటకి తక్కువ లేమని నేను ఎవరి మీదైనా ఒట్టేస్తాను. అతను మమ్మల్ని చూసి తలూపాడు. ఏమీ అనలేదు. అన్నాడేమో, మేం వినేదాకా ఆగలేదు.

మొదటి రెండు రోజులూ ఏమీ తెలియలేదు. పిచ్చుక సెలవు పెట్టింది. నా పక్కనే పడుకుంది, మళ్లీ గలగలా మాట్లాడింది, అన్నం తింది. ఆ రెండు రోజులూ నేను ఆ గొంతు గురించి ఎత్తలేదు. అదీ ఎత్తలేదు.

మూడో రోజు మా అమ్మాయి ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చింది. అక్కడ నర్సు తను. గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి పెదవులు కదిపింది. మాట వినిపించలేదు. సంచి మేకుకి తగిలించింది, కాళ్లు కడుక్కుంది, వంటింట్లోకి వెళ్లింది. అప్పుడు గుమ్మం దగ్గర, మనిషి లేనిచోట, మా అమ్మాయి గొంతు వినిపించింది. తిన్నారా ఇద్దరూ అని.

వయసు, చెవులు అనుకున్నాను. పిచ్చుక వైపు చూశాను. అది గుమ్మం వైపు చూస్తోంది.

ఆ రోజు నుంచి మా అమ్మాయి మాటలు ఆలస్యంగా రావడం ఎక్కువైంది. పొద్దున అన్నది మధ్యాహ్నం వచ్చేది. తర్వాత సాయంత్రానికి వచ్చేది. మేం చెప్పేవి కూడా తనకి అలాగే చేరుతున్నాయి కాబోలు. ఒకరోజు మా ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఎందుకో మాకు మర్నాడు తెలిసింది. అడిగితే ఇద్దరూ అలా గుడ్లప్పగించి చూస్తారేమిటమ్మా, ఒక్కదానికీ పలకరేం అన్న మాటలు ఖాళీ కుర్చీలోంచి వచ్చాయి. ఫోన్లు, డాక్టర్లు అన్నీ అయ్యాయి. డాక్టరు ఏమన్నాడో ఇంకా మా దాకా రాలేదు.

నాకూ పిచ్చుకకీ మధ్య మాత్రం మాట ఎప్పటిలాగే తిన్నగా వచ్చేది. అది చాలనుకున్నాను. ఒకరి మాట ఒకరికి అందుతున్నంతకాలం ఎక్కడున్నా ఒకటే అనుకున్నాను.

నిన్న పొద్దున అది మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి ఏదో అంది. గ్లాసు చప్పుడు అప్పుడే వినిపించింది. మాట రాలేదు. రాసి చూపించవే అన్నట్టు సైగ చేసి కాగితం ఇచ్చాను. కూర్చుని పేజీ నిండా రాసింది. కలం కదులుతున్నంతసేపూ చూస్తూనే ఉన్నాను. అందుకుని చూస్తే కాగితం తెల్లగా ఉంది. దాని మొహం చూస్తే దానికి మాత్రం అక్షరాలు కనిపిస్తున్నట్టే ఉంది.

ఇప్పుడు నేను రాస్తున్నవి నాకు కనిపిస్తున్నాయి. మీకు కనిపిస్తాయో లేదో నాకు తెలియదు. ఇంత ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు, ఎవరికో ఒకరికి అందకపోతాయా అని రాస్తున్నాను.

ఈ రోజంతా అది నా ఎదురుగానే కూర్చుంది. పెదవులు కదుపుతూనే ఉంది, పిచ్చుక కదా. ఒక్క మాట చేరలేదు. ఇక రావేమో కూడా. చివరిగా నాకు అందింది నిన్న గ్లాసు దగ్గర అన్న మాటే. నిన్న సాయంత్రం దీపం పెట్టే వేళకి, అది పెరట్లో ఉండగా, ఆ గ్లాసు పక్కనుంచి చిన్నగా వినిపించింది.

"అమ్మమ్మా, ఆ పది సెకన్లలో మనం బయటికి వచ్చామని నీకు గట్టిగా తెలుసా?"